వీఆర్‌లో వస్తువును అనుకున్న చోటే పెట్టాలంటే: చూపుకు ఏ ఆసరాలివ్వాలి, ఎలా ఇవ్వాలి

ఎదురుగా నిలబడి చూస్తే పెట్టె అరలో సరిగ్గా కూర్చున్నట్టే ఉంటుంది. రెండడుగులు పక్కకు వేసి చూస్తే అరకు జానెడు ఇవతల గాల్లో తేలుతూ కనిపిస్తుంది. వీఆర్‌లో (హెడ్‌సెట్ పెట్టుకుని చూసే వర్చువల్ రియాలిటీలో) ట్రైనింగ్ సీన్లు, డిజైన్ టూల్స్, పజిల్ ఆటలు కట్టేవాళ్లు పదేపదే అడిగేది దీని గురించే: “యూజర్లు వస్తువుని సరిగ్గా పెట్టలేకపోతున్నారు, ఏం చేయాలి?” చాలామంది గ్రిడ్, రంగుల బాణాలు, అంకెలు, మెరుపులు అన్నీ ఒకేసారి పెట్టేస్తారు. సీన్ నిండిపోతుంది, తప్పు మాత్రం ఉన్నచోటే ఉంటుంది.

ముందు ఒక చిన్న లెక్క చూడండి. సిద్ధాంతం ఇంతకు మించి అక్కర్లేదు. మీ హెడ్‌సెట్ చూపు కోణంలో ఒక్కో డిగ్రీకి 20 పిక్సెళ్లు చూపిస్తుందనుకోండి. కంటిపాపల మధ్య దూరం 63 మి.మీ. అనుకోండి. మీటరు దూరంలో ఉన్న వస్తువుని 1 సెం.మీ. పక్కకు జరిపితే అది తెర మీద దాదాపు 11 పిక్సెళ్లు కదులుతుంది. అదే 1 సెం.మీ. మీ నుంచి దూరంగా నెడితే రెండు కళ్లకూ కనిపించే బొమ్మల మధ్య వచ్చే తేడా ఒక్క పిక్సెల్ కూడా ఉండదు, ముప్పావు పిక్సెల్ లోపే. రెండు మీటర్ల దూరంలో అయితే పక్కకు జరిపింది 5, 6 పిక్సెళ్లు, లోతుకు నెట్టింది పిక్సెల్‌లో అయిదో వంతు. క్వెస్ట్ 3 హెడ్‌సెట్‌కి దాన్ని తయారుచేసే మెటా చెప్పే లెక్క డిగ్రీకి 25 పిక్సెళ్లు. దాంతో పరిస్థితి కాస్త మెరుగవుతుంది గానీ మారిపోదు.

కాబట్టి తప్పంతా దాదాపు ఒకే దిక్కున ఉంటుంది, చూపు వెళ్లే దిక్కున. ఎడమ కుడి, పైన కింద యూజర్లు బాగానే పెడతారు. మీరివ్వాల్సిన ఆసరా లోతు కోసం. లోతులో ఉన్న తేడాని పక్కకు కనిపించే తేడాగా మార్చగలిగిన ఆసరాయే పనిచేస్తుంది. కింద చెప్పేవన్నీ ఈ ఒక్క గీటురాయి మీద రుద్ది చూసుకోండి.

కావాల్సినవి

- తల, చేతుల స్థానాన్నీ తిరుగుడునీ రెంటినీ పట్టుకునే హెడ్‌సెట్, రెండు కంట్రోలర్లు. తల తిప్పడం మాత్రమే గుర్తించే పాత తరహా హెడ్‌సెట్లతో ఈ పని కాదు.
- యూనిటీ, అన్‌రియల్, గోడో వీటిలో మీకు అలవాటైన ఇంజిన్, అంటే సీన్ కట్టే సాఫ్ట్‌వేర్.
- వస్తువు స్థానం, తల స్థానం, సమయం ఫైల్లోకి రాసే చిన్న స్క్రిప్టు. ఇది లేకుండా మొదలుపెట్టకండి.
- నిజమైన టేపు, నిజమైన టేబుల్ ఒకటి.
- ఈ సీన్ ఎప్పుడూ చూడని మనుషులు ముగ్గురు నలుగురు. సీన్ కట్టినవాళ్లకి ఏది ఎక్కడుందో ముందే తెలుసు కాబట్టి వాళ్ల ఫలితాలు లెక్కలోకి రావు.

1. స్కేలు, నేల, కళ్ల దూరం సరిచేయండి

ఆసరాల జోలికి వెళ్లకముందే కొలతలు నిజమో కాదో చూసుకోవాలి. యూనిటీలో, గోడోలో ఒక యూనిట్ అంటే మీటరు. అన్‌రియల్‌లో ఒక యూనిట్ అంటే సెంటీమీటరు. మోడల్‌ను ఒక టూల్ నుంచి ఇంకో టూల్‌లోకి తెచ్చినప్పుడు వంద రెట్లు పెద్దదో చిన్నదో అయితే వెంటనే తెలిసిపోతుంది, దాంతో ప్రమాదం లేదు. ప్రమాదమంతా 5, 10 శాతం తేడాతోనే. కంటికి తెలియదు, చేతికి మాత్రం ప్రతిసారీ తప్పుతుంది.

ఇలా చూడండి. కంట్రోలర్‌ని నిజమైన నేల మీద పెట్టి, హెడ్‌సెట్‌లో వంగి చూడండి. కంట్రోలర్ బొమ్మ వర్చువల్ నేలను తాకుతూ ఉండాలి. తేలినా, మునిగినా నేల ఎత్తు తప్పు. ముందు హెడ్‌సెట్ సెటింగ్స్‌లో నేలను మళ్లీ గుర్తించమనండి. తర్వాత మీ కెమెరా రిగ్‌లో (యూజర్ తలనీ చేతుల్నీ సీన్‌లో నిలబెట్టే అమరికలో) ట్రాకింగ్ మూలం నేల మట్టం నుంచి లెక్కిస్తోందా, కంటి మట్టం నుంచా చూడండి. రెండూ కలిపేసి, పైన ఇంకో 1.6 మీటర్లు చేత్తో కలిపిన రిగ్‌లు చాలా కనిపిస్తాయి.

తర్వాత నిజమైన టేబుల్‌ని టేపుతో కొలిచి అంతే కొలతల పెట్టెను సీన్‌లో పెట్టండి. కంట్రోలర్ కొసను నిజమైన టేబుల్ నాలుగు మూలలకూ ఆనించండి. నాలుగు చోట్లా వర్చువల్ మూల మీదే పడితే స్కేలు సరే.

ఐపీడీ, అంటే కంటిపాపల మధ్య దూరం, ప్రతి మనిషికీ వేరు. హెడ్‌సెట్‌లో దాన్ని సరిచేసే చక్రమో జారుడు మీటో ఉంటే ప్రతి కొత్త మనిషి పెట్టుకున్నప్పుడల్లా సర్దించండి. అది తప్పితే లోతు అంచనా మొత్తం ఒకే వైపుకి జరుగుతుంది, ఆసరా ఎంత మంచిదైనా.

2. ఏ ఆసరా లేకుండా ఒకసారి కొలవండి

ఎక్కువమంది దాటేసే మెట్టు ఇదే. కానీ ఇది లేకపోతే తర్వాత పెట్టిన గ్రిడ్ సాయపడిందో, అడ్డుపడిందో ఎప్పటికీ తెలియదు.

ఖాళీ గదిలో మూడు లక్ష్యాలు పెట్టండి: 60 సెం.మీ. దూరంలో ఒకటి, మీటరు దూరంలో ఒకటి, 2 మీటర్ల దూరంలో ఒకటి. మూడోదాన్ని రేతోనో (చేతి నుంచి సూటిగా వెళ్లే కిరణం), చేతిని పొడవు చేసే పద్ధతితోనో అందుకోవాలి. ఒక్కో లక్ష్యం దగ్గర అరచేతిలో పట్టే ఘనాన్ని పదేసి సార్లు పెట్టించండి. వదిలిన క్షణాన వస్తువు ఎక్కడుంది, లక్ష్యం ఎక్కడుంది, తల ఎక్కడుంది, పట్టుకున్నప్పటి నుంచి ఎంత సేపు పట్టింది, ఇవన్నీ రాయించండి.

ఇప్పుడు తప్పును రెండు ముక్కలు చేయాలి. పెట్టిన చోటు నుంచి లక్ష్యాన్ని తీసేయండి, అది తప్పు వెక్టర్. లక్ష్యం నుంచి తల వైపుకు ఒక యూనిట్ పొడవున్న దిశ తీసుకోండి. ఈ రెంటి డాట్ ప్రాడక్ట్ మీ లోతు తప్పు. తప్పు వెక్టర్ నుంచి ఆ భాగాన్ని తీసేయగా మిగిలిన దాని పొడవు పక్క తప్పు. ప్లస్ వస్తే వస్తువుని మీకు దగ్గరగా పెట్టారు, మైనస్ వస్తే అవతలకి నెట్టేశారు.

హెచ్చరిక: ఎక్స్, వై, జెడ్ తప్పులు విడివిడిగా రాసుకుని ఊరుకోకండి. యూజర్ కాస్త తిరిగి నిలబడితే లోతు తప్పు ఎక్స్‌లోకీ జెడ్‌లోకీ పంచుకుపోయి మాయమైపోతుంది.

3. నేలకు టెక్స్చర్, కొలతల గీతలు ఇవ్వండి

ఒకే రంగు నునుపు నేల మీద దూరం అంచనా వేయడం కష్టం. ముందు నేలకి ఏదో ఒక టెక్స్చర్, అంటే పైన పరిచిన నమూనా, ఇవ్వండి. తర్వాత గ్రిడ్. మీటరుకో మందపాటి గీత, 10 సెం.మీ.కి ఓ సన్న గీత చాలు.

సన్న గీతలతో చిక్కేమిటంటే, డిగ్రీకి 20 పిక్సెళ్ల హెడ్‌సెట్‌లో మీటరు దూరంలో ఒక పిక్సెల్ అంటే సుమారు 0.9 మి.మీ. మూడు మీటర్ల దూరంలో 2.6 మి.మీ. కాబట్టి 2 మి.మీ. గీత దగ్గర బాగుంటుంది, దూరంలో పిక్సెల్ కన్నా సన్నబడి తల కదిపినప్పుడల్లా మిణుకుమంటుంది. అందుకని చిన్న గీతల్ని 2 మీటర్లు దాటాక షేడర్‌లో (ఉపరితలాల రంగును లెక్కకట్టే చిన్న ప్రోగ్రామ్) మెల్లగా మాయం చేయండి. అంచుల్ని నునుపుగా చూపే ఎమ్ఎస్ఏఏ 4ఎక్స్ సెటింగ్ ఆన్‌లో ఉంచండి.

గ్రిడ్‌ను నేలతో సరిగ్గా ఒకే ఎత్తులో పెడితే రెండూ ఒకదానితో ఒకటి కొట్టుకుని మచ్చలు మచ్చలుగా మెరుస్తాయి. మిల్లీమీటరు, రెండు మిల్లీమీటర్లు పైకి లేపితే దగ్గర్లో సరిపోతుంది. దూరానికి మళ్లీ మొదలవుతుంది. నేల షేడర్‌లోనే గీతలు గీసేయడం అన్నిటికన్నా నికరం.

గదంతా నిండే త్రీడీ గ్రిడ్, అంటే గాల్లో నిలువు అడ్డం గీతలు, పెట్టకండి. చూడ్డానికి గొప్పగా ఉంటుంది. కానీ ఒకేలాంటి గీతలు వరసగా ఉంటే ఎడమ కన్ను చూసే గీతకి కుడి కన్ను పక్క గీతను జత చేసుకుంటుంది. లోతు తెలియకపోగా తప్పుగా తెలుస్తుంది.

4. వస్తువు కింద నిలువు గీత, దాని కాళ్ల దగ్గర ముద్ర

ఒక్క ఆసరాకే సమయం ఉందంటే ఇది పెట్టండి. గోడ నిటారుగా ఉందో లేదో చూడడానికి తాపీమేస్త్రీ వేలాడదీసే గుండు దారం లాంటిదే ఇది: పట్టుకున్న వస్తువు నుంచి కింద ఉన్న ఉపరితలం దాకా ఒక నిలువు గీత, అది తాకిన చోట వస్తువు అడుగు ఆకారంలో ఒక ముద్ర. గాల్లో ఉన్న వస్తువు లోతు కనిపెట్టడం కష్టం. టేబుల్ మీద ఉన్న ముద్ర లోతు కనిపెట్టడం తేలిక, ఎందుకంటే పైనుంచి వంగి చూస్తున్న కంటికి టేబుల్ మీద ముందుకీ వెనక్కీ జరిగేది తెర మీద కిందకీ పైకీ జరిగినట్టు కనిపిస్తుంది. పైన చెప్పిన గీటురాయి ఇదే.

ఎలా చేయాలంటే:

(అ) వస్తువు కింది భాగం నుంచి నేరుగా కిందికి రేకాస్ట్ వేయండి, అంటే కనిపించని రే పంపి అది దేన్ని తాకిందో చూడండి. ఆ వస్తువు ఉన్న లేయర్‌ను, చేతుల లేయర్‌ను రేకాస్ట్ నుంచి తప్పించండి. లేకపోతే రే తన వస్తువునే తాకి గీత పొడవు సున్నా అవుతుంది.

(ఆ) గీతకు 2, 3 మి.మీ. మందం ఉన్న సన్నటి సిలిండర్ వాడండి. ఎప్పుడూ కెమెరా వైపు తిరిగి ఉండే చదును పట్టీ కన్నా నిజమైన మందమున్న గీత రెండు కళ్లకీ పొంతనగా కనిపిస్తుంది.

(ఇ) ముద్రను నీడలా పూర్తిగా నింపకుండా అంచు గీతగా వేయండి. కింద ఉన్న గుర్తులు కనిపిస్తాయి.

(ఈ) టేబుల్ అంచు దగ్గర మధ్య నుంచి ఒక్క రేనే వేస్తే ముద్ర టేబుల్ మీద నుంచి ఒక్కసారిగా నేలకి దూకుతుంది. నాలుగు మూలల నుంచీ వేసి, అన్నిటికన్నా ఎత్తుగా తగిలిన ఉపరితలాన్ని తీసుకోండి.

“సీన్‌లో నిజమైన నీడలు ఉన్నాయి కదా, ఇది ఎందుకు?” అంటారు. సీన్‌లో వెలుతురు ఏటవాలుగా పడుతుంది. వస్తువు ఎంత ఎత్తులో ఉంటే నీడ అంత పక్కకి పోతుంది, అది స్థానం గురించి అబద్ధం చెబుతుంది. నీడలు అందానికి ఉంచుకోండి. ముద్ర మాత్రం ఎప్పుడూ నిట్టనిలువుగా కిందే పడాలి. మొబైల్ చిప్‌తో నడిచే హెడ్‌సెట్లలో నిజ నీడల కన్నా ఈ ముద్రకి ఖర్చు కూడా చాలా తక్కువ.

గోడకి తగిలించే వస్తువైతే గీతను కిందికి కాకుండా గోడకి లంబంగా వేయండి. పైకప్పుకైతే పైకి. వస్తువు ఎక్కడ కూర్చోవాలో ఆ ఉపరితలం వైపే గీత పోవాలి.

ఇక్కడో దాగుడుమూతల బగ్ ఉంది. చాలా రిగ్‌లు చేతి స్థానాన్ని ఫ్రేమ్ మొదట్లో ఒకసారి, తెరకు గీసే ముందు ఇంకోసారి తాజా చేస్తాయి. మీ గీత మామూలు అప్‌డేట్‌లోనే లెక్క కడితే వస్తువు కన్నా ఒక ఫ్రేమ్ వెనకబడుతుంది. 72 హెర్ట్జ్‌లో, అంటే సెకనుకి 72 ఫ్రేమ్‌లు గీస్తే, ఒక ఫ్రేమ్ దాదాపు 14 మిల్లీసెకన్లు. చెయ్యి సెకనుకి 20 సెం.మీ. వేగంతో కదిలితే అది సుమారు 3 మి.మీ. తేడా. గీత వణుకుతున్నట్టు ఉంటే ముందు దీన్నే అనుమానించండి. యూనిటీలో తెరకు గీసే ముందు నడిచే ఆన్‌బిఫోర్‌రెండర్ దగ్గర గీతను మళ్లీ లెక్కకట్టిస్తే సర్దుకుంటుంది.

5. లక్ష్యం దగ్గర ఘోస్ట్

వస్తువు ఎక్కడికి వెళ్లాలో ముందే తెలిసిన సీన్లలో అక్కడ దాని పారదర్శకమైన నకలు, ఘోస్ట్, పెట్టడం మామూలే. యూనిటీ ఎక్స్ఆర్ ఇంటరాక్షన్ టూల్‌కిట్‌లో సాకెట్ ఇంటరాక్టర్ దాన్ని సిద్ధంగా ఇస్తుంది. చిక్కు దాని రంగుతోనే మొదలవుతుంది. ఘోస్టూ వస్తువూ ఒకే రంగులో ఉండి, ఘోస్ట్ మొత్తం ఒకే మందాన పారదర్శకంగా ఉంటే ఏది ముందుందో ఏది వెనకుందో చెప్పలేం. రెండూ కలిసి ఒక ముద్దలా కనిపిస్తాయి.

ఘోస్ట్ ముఖాలు చాలా పలచగా, అంచులు గట్టిగా ఉండనివ్వండి. అంచులే లోతు చెబుతాయి. ఆపైన, వస్తువు ఘోస్ట్‌లోకి చొచ్చుకెళ్లిన భాగాన్ని వేరే రంగులో చూపించండి. షేడర్‌లో ఘోస్ట్ పెట్టె హద్దులు ఇచ్చి, పిక్సెల్ ఆ హద్దుల లోపల ఉందా బయట ఉందా అడిగితే చాలు. పెట్టె అవతలికి పొడుచుకొస్తే అవతలి భాగం, ఇవతలికి ఉంటే ఇవతలి భాగం రంగు మారకుండా మిగిలిపోతుంది. యూజర్‌కి ఎటు నెట్టాలో ఒక్క చూపులో తెలుస్తుంది. లోతు తప్పుని తగ్గించడంలో నిలువు గీత తర్వాత నేను వేసుకునే స్థానం దీనిదే.

ఆకుపచ్చ సరి, ఎరుపు తప్పు అనే జంట మీదే ఆధారపడకండి. ఆ రెండు రంగుల తేడా తెలియని వాళ్లు, ముఖ్యంగా మగవాళ్లలో, తక్కువేమీ కాదు. నీలం, నారింజ వాడండి. సరిపోయినప్పుడు అంచు గీత మందం కూడా మారనివ్వండి.

పెద్ద హెచ్చరిక. “ఘోస్ట్ గోడ వెనకపడి కనిపించడం లేదు” అని డెప్త్ టెస్ట్ (ముందున్నది వెనకున్నదాన్ని దాచేలా చూసే తనిఖీ) ఆపేసి అన్నిటి మీదా గీసేస్తారు. మామూలు తెర మీద అది నడుస్తుంది. వీఆర్‌లో నడవదు. గోడ మీదుగా గీసినందువల్ల ఘోస్ట్ గోడ కన్నా ముందుందని ఒక సంకేతం చెబుతుంది, రెండు కళ్ల తేడా గోడ వెనకుందని చెబుతుంది. కళ్లు లాగుతాయి, కొందరికి తలనొప్పి వస్తుంది, లోతు అంచనా ఘోరంగా తప్పుతుంది. దాగిన భాగాన్ని చూపించాల్సిందే అంటే దాన్ని చుక్కల గీతగా, మసకగా వేయండి. లేదా అడ్డొచ్చే గోడనే కాసేపు పారదర్శకం చేయండి. రెండోదే మేలు.

రే కొసన ఉండే చుక్కకీ ఇదే నియమం. అది రే తాకిన లోతులోనే ఉండాలి. మీటరు దూరంలో స్థిరంగా తేలే చుక్కతో మూడు మీటర్ల అవతల ఉన్న వస్తువుని గురి చూస్తే కళ్లకి ఒకటి రెండుగా కనిపిస్తుంది.

6. అంకెలు, కావాలనుకుంటేనే

ఇంకా ఎంత దూరమో అంకెల్లో చూపడం డిజైన్ టూల్స్‌లో అవసరం, ఆటల్లో అరుదు. అక్షరాల ఎత్తు కంటి దగ్గర ఒక డిగ్రీ కన్నా తగ్గకూడదు, అంటే మీటరు దూరంలో 1.75 సెం.మీ. అంకె వస్తువు పక్కనే, వస్తువు ఉన్న లోతులోనే ఉండాలి. తలకి అతుక్కుని చూపుతో పాటు తిరిగే అంకెలు వద్దు.

ప్రతి ఫ్రేమ్‌కీ అంకెను మారిస్తే చివరి స్థానం చదవలేనంతగా కొట్టుకుంటుంది. సెకనుకి అయిదారు సార్లు చాలు. చేతి వణుకే రెండు మూడు మిల్లీమీటర్లు ఉన్నప్పుడు మిల్లీమీటరులో పదో వంతు చూపించడం వృథా.

7. స్నాప్: ముందు చెప్పి, తర్వాత లాగండి

స్నాప్ అంటే దగ్గరికొచ్చిన వస్తువు దానంతటదే సరైన చోట అతుక్కోవడం. ఇది ఆసరా కాదు, పనిని యంత్రం పూర్తి చేయడం. ఎక్కడ ఖచ్చితత్వం కన్నా పని జరగడం ముఖ్యమో అక్కడ వాడండి.

లోపలికి, బయటికి వేర్వేరు హద్దులు పెట్టండి. 3 సెం.మీ. లోపలికి వస్తే అతుక్కోవాలి, 5 సెం.మీ. దాటితేనే విడవాలి. రెంటికీ ఒకే హద్దయితే అక్కడ చెయ్యి ఆగినప్పుడు వస్తువు అతుక్కుంటూ ఊడుతూ కొట్టుకుంటుంది. చేతిలో ఉన్న వస్తువుని లాగేయకుండా, వదిలితే ఎక్కడ కూర్చుంటుందో ఘోస్ట్‌తో చూపించి, వదిలాకే కూర్చోబెట్టండి. చేతికీ కంటికీ పొంతన చెడదు. తిప్పడానికి 15 డిగ్రీల మెట్లు బాగుంటాయి. స్నాప్‌ను ఆపే బటన్ తప్పకుండా ఉండాలి. చెయ్యి వేగంగా వెళుతుంటే స్నాప్ దానంతటదే ఆగాలి, లేకపోతే దారిలో ఎదురైన ప్రతి గీతా వస్తువుని పట్టుకుంటుంది.

పివట్, అంటే వస్తువు స్థానాన్ని లెక్కించే బిందువు, ఎక్కడుందో కూడా చూడండి. కుర్చీ పివట్ దాని మధ్యలో ఉంటే గ్రిడ్‌కి స్నాప్ చేసినప్పుడు కాళ్లు నేలలో మునుగుతాయి. నేల మీద ఉండేవాటికి పివట్ అడుగున, గోడకి తగిలించేవాటికి వెనక ముఖం మీద పెట్టండి.

8. చేతి వణుకు, వదిలేటప్పటి కుదుపు

ఇంత చేశాకా తప్పు మిగిలితే అది కంటిది కాదు, చేతిది.

మొదటిది, పట్టుకోగానే వస్తువు ఎగిరి చేతి మధ్యలోకి రావడం. యూజర్ పట్టుకున్న మూల ఒకటి, చేతిలో ఉన్న మూల ఒకటి అవుతుంది. యూనిటీ టూల్‌కిట్‌లోని ఎక్స్ఆర్ గ్రాబ్ ఇంటరాక్టబుల్‌లో ‘యూజ్ డైనమిక్ అటాచ్’ ఆన్ చేస్తే పట్టుకున్న చోటు పట్టుకున్నట్టే ఉంటుంది.

రెండోది, ట్రిగ్గర్ వదలడానికి వేలు కదిలినప్పుడు మణికట్టు కూడా కాస్త కదులుతుంది. దీనికి ఈ రంగంలో హైసెన్‌బర్గ్ ప్రభావం అని పేరు. రేతో పట్టుకుంటే ఈ కుదుపు దూరాన్ని బట్టి పెరుగుతుంది. మందు తేలికే: చివరి కొన్ని ఫ్రేమ్‌ల స్థానాలు దాచుకుని, వదలగానే సుమారు 100 మిల్లీసెకన్ల కిందటి స్థానంలో వస్తువుని పెట్టండి. 72 హెర్ట్జ్‌లో అది 7 ఫ్రేమ్‌ల వెనక్కి. చెయ్యి నెమ్మదిగా ఉన్నప్పుడే ఇలా చేయండి. విసిరే వస్తువుకి చేస్తే వెనక్కి గెంతినట్టు కనిపిస్తుంది. ఇంకో దారి, పెట్టేశానని రెండో చేతి బటన్‌తో చెప్పించడం. కుదుపు రెండో చేతికి పోతుంది.

మూడోది వణుకు. 2012లో వచ్చిన వన్ యూరో ఫిల్టర్ ఈ పనికి చక్కగా సరిపోతుంది. చెయ్యి నెమ్మదిగా ఉంటే ఎక్కువ నునుపు చేస్తుంది, వేగంగా ఉంటే ఆలస్యం తగ్గిస్తుంది. సరిచేయాల్సిన అంకెలు రెండే. దాన్ని వస్తువుకే వేయండి, చేతి బొమ్మకి వేయకండి. తన చెయ్యి ఆలస్యంగా కదలడం ఎవరికీ నచ్చదు.

ఇంకా సూక్ష్మంగా కావాలంటే 2005లో ఫ్రీస్, కెస్లర్ చూపించిన ప్రిజం పద్ధతి ఉంది. చెయ్యి నెమ్మదించే కొద్దీ వస్తువు ఇంకా నెమ్మదిస్తుంది. మొదలుపెట్టడానికి ఇలా పెట్టి చూడండి: సెకనుకి 1 సెం.మీ. లోపు కదలికను వణుకుగా తీసి పారేయండి, 15 సెం.మీ. వేగం దాకా తగ్గించిన నిష్పత్తి, ఆపైన చేతికి సమానంగా. దీంతో చేతికీ వస్తువుకీ మధ్య ఎడం పెరుగుతుంది. ఆ ఎడాన్ని సన్న గీతతో చూపించండి, చెయ్యి వేగంగా కదిలినప్పుడు మెల్లగా పూడ్చండి.

ఇవన్నీ ఎందుకనుకుంటే సీన్‌నే పెద్దది చేసుకునే వీలివ్వండి. రెండు చేతులతో లాగి అయిదు రెట్లు పెంచుకుంటే చేతి సెంటీమీటరు తప్పు వస్తువు దగ్గర 2 మి.మీ. అవుతుంది. డిజైన్ టూల్‌లో అన్నిటికన్నా ముందు నేను పెట్టేది ఇదే.

9. రెండో వైపు నుంచి చూపు

లోతుని పక్కకి మార్చే అసలు సిసలు దారి, పక్కకి వెళ్లి చూడడం. తలని ఓ జానెడు పక్కకి వంచినా చాలు, ముందున్నది వెనకున్నదాని మీద జరుగుతుంది. యూజర్లకి ఇది తోచదు. మొదటిసారి పట్టుకున్నప్పుడు “పక్కకి వంగి చూడండి” అని ఒక్క వాక్యం రాయండి. కూర్చుని ఆడేవాళ్ల కోసం లక్ష్యం చుట్టూ 90 డిగ్రీలు తిప్పే బటన్ ఇవ్వండి. తెర నల్లబడి మళ్లీ వచ్చేలా తిప్పండి, గుండ్రంగా తిప్పితే కడుపులో తిప్పుతుంది.

లేదా ఎడమ మణికట్టు మీద చిన్న పలక పెట్టి, పక్క నుంచి ఆర్థోగ్రాఫిక్ కెమెరాతో (దూరాన్ని బట్టి సైజు మారకుండా చూపేది) తీసిన బొమ్మ చూపించండి. అదనపు కెమెరా ఖర్చు తక్కువేమీ కాదు. 512 పిక్సెళ్ల చదరంలో, రెండు మూడు ఫ్రేమ్‌లకొకసారి, వస్తువూ లక్ష్యమూ ఉన్న లేయర్లను మాత్రమే గీయించండి. మొత్తం గది నకలును చేతిలో బొమ్మలా ఇచ్చే పద్ధతిని 1995లో వర్జీనియా విశ్వవిద్యాలయం వాళ్లు చూపించారు. పెద్ద గదుల్లో సామాను సర్దడానికి అది ఇప్పటికీ బాగుంటుంది, సూక్ష్మమైన పనికి కాదు.

తరచూ జరిగే తప్పులు

అన్ని ఆసరాలూ ఎప్పుడూ ఆన్‌లో ఉంచడం. వస్తువు చేతిలో ఉన్నప్పుడే గీత, లక్ష్యానికి 30 సెం.మీ. లోపలికి వచ్చాకే రంగు మార్పు, ఆగాకే అంకె. వదలగానే అన్నీ పోవాలి.

పనిని ముఖానికి మరీ దగ్గరగా పెట్టించడం. ఇప్పటి మామూలు హెడ్‌సెట్లలో కటకాల ఫోకస్ ఒకే దూరంలో స్థిరంగా ఉంటుంది. అర మీటరు లోపు వస్తువుని చాలాసేపు చూస్తే కళ్లు అలసిపోతాయి. దగ్గరికి లాక్కునే బదులు పెద్దది చేసుకోమనండి.

ఎడిటర్‌లో మానిటర్ మీద చూసి “బాగుంది” అనుకోవడం. మానిటర్‌కి ఒకే కన్ను. మిణుకులు, గీతల జోడీ తప్పులు, పైన గీసిన ఘోస్ట్ ఇబ్బంది, ఏవీ అక్కడ కనిపించవు.

పనిచేసిందో లేదో తెలుసుకోవడం

రెండో మెట్టులో చేసిన పరీక్షనే మళ్లీ చేయండి. సగం మందికి ముందు ఆసరాలతో, సగం మందికి ముందు ఆసరాలు లేకుండా ఇవ్వండి. లేకపోతే చేస్తూ చేస్తూ వచ్చిన అలవాటును మీ ఆసరా గొప్పతనంగా లెక్కేస్తారు. సమయం కూడా పక్కనే రాయండి. తప్పు కాస్త తగ్గి, సమయం రెట్టింపైతే ట్రైనింగ్ సీన్‌కి అది సరే, ఆటకి కాదు.

అంకెల్ని ఇలా చదవండి:

- లోతు తప్పుల సగటు ఒకే వైపుకి ఉండి, వాటి మధ్య తేడా తక్కువగా ఉంటే ఆసరా లోపం కాదు. ఐపీడీ, స్కేలు, పివట్ చూడండి.
- సగటు సున్నా దగ్గరే ఉండి ఒక్కో ప్రయత్నం ఒక్కో చోట పడితే లోతు సంకేతం చాలడం లేదు. నాలుగో, అయిదో మెట్టుకి వెళ్లండి.
- ఎత్తులో మాత్రమే ఎప్పుడూ అంతే తేడా వస్తే నేల మట్టమో, అడుగున ఉండాల్సిన పివట్టో తప్పింది.
- తప్పు కుడిచేతి వాళ్లకి ఒక వైపు, ఎడమచేతి వాళ్లకి ఇంకో వైపు వస్తే ట్రిగ్గర్ కుదుపు. వదిలిన క్షణం స్థానాన్నీ 100 మిల్లీసెకన్ల ముందు స్థానాన్నీ పోల్చండి, తేలిపోతుంది.
- 60 సెం.మీ. దగ్గర బాగుండి 2 మీటర్ల దగ్గర చెడితే గ్రిడ్ మీద సమయం పెట్టకండి. యూజర్‌ని లక్ష్యం దగ్గరికి తీసుకెళ్లండి.

చివరగా ఒంటికన్ను పరీక్ష. యూజర్‌ని ఒక కన్ను మూసుకుని అదే పని చేయమనండి. మూయడం కష్టమైతే ఒక కంటి బొమ్మను నల్లగా చేయండి. ఆసరాలు లేనప్పుడు లోతు తప్పు బాగా పెరుగుతుంది. ఆసరాలు ఉన్నప్పుడు రెండు కళ్లతో వచ్చిన దానికి దగ్గరగా వస్తే మీ గీత, ముద్ర, రంగు మార్పు తమ పని తాము చేస్తున్నట్టే. రెండు కళ్లతో లోతు పోల్చుకోలేని వాళ్లు కూడా మీ సీన్‌ని వాడగలరని దీంతో తెలుస్తుంది. ఒంటికన్నుతో తప్పు అమాంతం పెరిగితే ఒక్కో ఆసరానీ ఆపి మళ్లీ కొలవండి. ఏది ఆపినా అంకె మారకపోతే దాన్ని సీన్‌లోంచి తీసేయండి.